మెకంజీ దొర, మన బడి అద్దాల బీరువా

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి, సంచికకు ఏదైనా రాయండి అని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, నా సైనిక అనుభవాలు రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చున్నాక మనసు ఒప్పలేదు. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి యాభై ఏళ్ళకు పైగా నాలోనే ఉండిపోయింది. ఆ మాట చెప్పే ధైర్యం నాకు ఇంకొక సైనికుడి జీవితం చదివాక వచ్చింది. అందుకని ముందు ఆయన కథ చెబుతాను, చివర నా సంగతి చెబుతాను. ఆయన పేరు కల్నల్ కాలిన్ మెకంజీ. మన పల్లెల కైఫీయత్తులు రాయించిన మెకంజీ దొర ఆయనే.

నాది 1966 ఎస్సెస్సెల్సీ బ్యాచ్. మా కాలం వాళ్ళకు హెడ్మాస్టరు గారి గదిలో అద్దాల బీరువా గుర్తుండే ఉంటుంది. అందులో ఒక శంఖం, కొన్ని రాగి నాణేలు, కొండపల్లి బొమ్మలు, ఆటల్లో గెలిచిన కప్పులు ఉండేవి. వాటి పక్కన మడత పెట్టిన తెల్లగుడ్డ ఒకటి. మధ్యలో ఎర్రటి సూర్యబింబం, చుట్టూ నల్లసిరాతో మనకు అర్థం కాని రాతలు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చిన మన బడి పాత విద్యార్థి ఎవరో ఇచ్చారని మాత్రం చెప్పుకునేవాళ్ళం. 1972లో ఆ బీరువాలోకి ఇంకో వస్తువు వచ్చింది. మూరకు కాస్త తక్కువ ఎత్తున్న ఇత్తడి గొట్టం, ఫిరంగి పేలాక మిగిలే ఖాళీ షెల్లు. అది నేనిచ్చిందే. దాని కింద అట్టముక్క మీద, శత్రువుల నుంచి యుద్ధభూమిలో స్వాధీనం చేసుకున్నదని, తెచ్చినవాడు ఫలానా అని నా పేరు రాసి ఉంది.

నిరుడు ఆగస్టు పదిహేనున జెండా వందనానికి నన్ను బడికి పిలిచారు. కార్యక్రమం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, తాతగారూ, ఇది మీకు ఏ ఊళ్ళో దొరికింది, ఏ రోజున దొరికింది, ఎవరి ఫిరంగిది అని వరసగా మూడు ప్రశ్నలు అడిగింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేకపోయింది. చాలా కాలమైందమ్మా, మరచిపోయాను అని తప్పించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెకంజీ కూడా తన మనుషుల్ని ప్రతి రాయి గురించీ, ప్రతి కాగితం గురించీ ఇవే ప్రశ్నలు అడిగేవాడని నాకు తెలుసు.

ఆయన పేరు మొదటిసారి విన్నది ఈ బడిలోనే. మేం తొమ్మిదో తరగతిలో ఉండగా సోషల్ మాస్టారు మమ్మల్ని అమరావతి తీసుకెళ్ళారు. అమరేశ్వరుడి దర్శనం అయ్యాక మ్యూజియం, ఆ తర్వాత స్తూపం ఉన్న దిబ్బ చూపించారు. స్తూపం అంటే ఏదో గొప్పగా ఉంటుందనుకున్న మాకు అక్కడ గుండ్రటి మట్టి దిన్నె, నాలుగు రాళ్ళు కనిపించాయి. మంచి శిల్పాలన్నీ మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయని, అయినా స్తూపం ఎలా ఉండేదో మనం చెప్పగలుగుతున్నామంటే మెకంజీ అనే ఒక మిలిటరీ ఇంజనీరు వేయించిన బొమ్మలు దానికి ఒక ముఖ్యకారణమని మాస్టారు చెప్పారు. ఆ తర్వాత నేను సైన్యంలో చేరి బెంగుళూరులో మద్రాస్ శాపర్స్‌లో శిక్షణ పొందుతుండగా, మా దళానికి మూలమైన మద్రాస్ పయనీర్లు శ్రీరంగపట్టణం ముట్టడిలో పనిచేశారని తెలిసింది. అదే ముట్టడిలో మెకంజీ కూడా ఉన్నాడు. అప్పటినుంచి ఆయన గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను.

మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండ్‌కు పడమటి సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్ళో పుట్టాడు. తండ్రి వ్యాపారి, ఆ ఊరికి పోస్టుమాస్టరు కూడా. కుర్రవాడు కొంతకాలం అదే రేవులో సుంకాల కచేరీలో పనిచేశాడు. లెక్కలంటే ఇష్టం. మేమంతా ఈ బడిలో లాగరిథమ్ పట్టికలు తిప్పుతూ తంటాలు పడ్డాం కదా, ఆ లాగరిథమ్‌లు కనిపెట్టిన జాన్ నేపియర్ వంశానికి చెందిన ఒక ప్రభువు తన పూర్వీకుడి జీవితచరిత్ర రాద్దామనుకున్నాడు. భారతదేశంలో గణితం ఎలా ఉండేదో వాకబు చేసే పని మెకంజీ మీద పెట్టాడు. ఆ ప్రభువు చనిపోయాడుగానీ మెకంజీకి ఆ ధ్యాస వదల్లేదు. 1783లో, దాదాపు ముప్ఫై ఏళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. పదహారేళ్ళ కుర్రాళ్ళు క్యాడెట్లుగా వచ్చే రోజుల్లో అది ఆలస్యమే. ఆ తర్వాత బతికిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా సొంత ఊరు తిరిగి వెళ్ళలేదు.

నేపియర్ ప్రభువు కూతురు అప్పటికే భర్త ఉద్యోగం వల్ల మదురలో కాపురం ఉంది. ఆమె మెకంజీని పిలిపించి, అక్కడి పండితులతో పరిచయాలు చేయించింది. గణితం కోసం వచ్చిన మనిషికి ఆ పండితుల దగ్గర అంతకంటే పెద్ద సంగతి తెలిసింది. ఈ దేశపు చరిత్ర తాటాకుల్లో, గుడి గోడల మీద, రాగిరేకుల్లో, ఊరి పెద్దల నోళ్ళలో ఉందనీ, దాన్ని ఒకచోట చేర్చిన వారు లేరనీ ఆయన గ్రహించాడు. అయితే తీరిక ఎక్కడిది? కంపెనీ సైన్యంలో ఇంజనీరుకు ఒక యుద్ధం అయ్యేసరికి ఇంకో యుద్ధం వచ్చిపడేది. టిప్పు మీద 1790 నుంచి 1792 దాకా జరిగిన యుద్ధంలో పనిచేశాడు. ఆ తర్వాత నిజాం రాజ్యాన్ని కొలిచి పటాలు గీయమని పంపారు. అలా కడప, కర్నూలు సీమల్లో, కృష్ణ ఒడ్డున, నల్లమలలో తిరిగాడు. 1794లో శ్రీశైలం వెళ్ళి ఆలయ ప్రాకారం మీది శిల్పాలను శ్రద్ధగా చూసి రాసిన వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది.

తన పదమూడేళ్ళ శ్రమలో దేశభాషలు రాకపోవడమే పెద్ద అడ్డంకి అయిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ అడ్డంకి 1796లో తీరింది. సింహళంలో డచ్చివాళ్ళ మీద యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చాక, ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు ఆయన దగ్గర చేరాడు. ఇరవై ఏళ్ళ వయసు, సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు వచ్చు. ఏ ఊరికి ఎవర్ని పంపాలి, కరణాల్ని ఎలా అడగాలి, పూజారుల్ని ఎలా మంచి చేసుకోవాలి, తాటాకుల్ని ఎలా నకలు చేయించాలి, ఈ పద్ధతి అంతా బొర్రయ్య ఏర్పరచినదే. చదవడానికి ఎవరికీ కొరుకుడుపడని పాత కన్నడ శాసనాల లిపిని కూడా కుస్తీపట్టి విడదీశాడు. మెకంజీ సేకరణ అని మనం అనేది నిజానికి వాళ్ళిద్దరిదీ.

ఆ తర్వాత 1799 వచ్చింది. నిజాం పక్షాన కదిలిన సైన్యంలో మెకంజీ ఇంజనీరు. శ్రీరంగపట్టణం కోటగోడను పగలగొట్టే ఫిరంగులకు దిబ్బలు కట్టించడం, కందకాలు తవ్వించడం ఆయన పని. మే 4న మధ్యాహ్నం కోట పడింది, టిప్పు చనిపోయాడు. ఆ రాత్రంతా సిపాయిలూ తెల్లసోల్జర్లూ ఇల్లిల్లూ దోచుకున్నారు. మర్నాడు ఆర్థర్ వెల్లస్లీ పట్టణం బాధ్యత తీసుకుని, దోచుకుంటూ పట్టుబడిన కొందర్ని ఉరి తీయించాకగానీ అది ఆగలేదు. ఇది దొంగచాటు దోపిడీ. ఇంకొకటి చట్టం ప్రకారం జరిగే దోపిడీ. గెలిచిన సైన్యం ప్రైజ్ ఏజెంట్లను ఎన్నుకుంటుంది. రాజుగారి ఖజానా, నగలు, ఆయుధాలు లెక్కకట్టి, వేలం వేసి, జనరల్ నుంచి సిపాయి దాకా హోదా ప్రకారం వాటాలు పంచుతారు. టిప్పు బంగారు సింహాసనాన్ని వాటాలు వేయడానికి ముక్కలుగా కొట్టేశారు. దాని పులితల ఒకటి ఈనాడు ఇంగ్లండ్ రాజుల విండ్సర్ కోటలో ఉంది. కొయ్యపులి లండన్ మ్యూజియంలో ఉంది. టిప్పు గ్రంథాలయంలోని దాదాపు రెండువేల గ్రంథాలు కలకత్తాకూ లండన్‌కూ పోయాయి.

నేను శ్రీరంగపట్టణం వెళ్ళినప్పుడు ఆ గోడ పగిలినచోట నిలబడి చాలాసేపు ఆలోచించాను. ఆ రాత్రి ఒక సోల్జరు సంచిలో పడ్డ కత్తి అతని ఊరికి చేరింది. అతనున్నన్నాళ్ళు కథ చెప్పాడు. కొడుకు ఆ కథకు కొంత కలిపాడు. మనవడి నాటికి ప్రతి కత్తీ టిప్పు కత్తే, ప్రతి ఉంగరం టిప్పు వేలిదే అయింది. ఏది నిజం, ఏది కల్పన అని తేల్చాలంటే కాగితం కావాలి. 2023 మేలో లండన్ వేలంలో టిప్పు పడకగదిలో దొరికిన కత్తికి 1.4 కోట్ల పౌండ్ల ధర పలికిందంటే, ఆ కోట మీది దాడికి నాయకత్వం వహించిన జనరల్ బెయిర్డ్‌కు సైన్యం దాన్ని బహూకరించిందనే ఆధారం దాని వెంట ఉంది కనుకనే. అదే ఉక్కు, అదే పిడి ఉన్నా, ఆధారం లేకపోతే అది పాత కత్తుల్లో ఒక కత్తి.

ఆ యుద్ధం అయ్యాక మెకంజీని మైసూరు రాజ్యం సర్వేకు పెట్టారు. 1800 నుంచి పదేళ్ళు, సుమారు నలభై వేల చదరపు మైళ్ళు. కంపెనీకి కావలసింది పొలిమేరలు, బాటలు, కోటలు. మెకంజీ అంతటితో ఆగలేదు. చెరువులెన్ని, పంటలేమిటి, ఏ కులాలవాళ్ళు ఉన్నారు, ఊరు ఎప్పుడు పుట్టింది, గుడి ఎవరు కట్టారు అని కూడా రాయించాడు. జీతం సరిపోక, పై అధికారులు ఖర్చులకు కోతపెట్టినా, సొంత డబ్బు పోసి మనుషుల్ని తిప్పాడు. 1803లో బొర్రయ్య ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళకే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత ఎత్తుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా ఆ కచేరీలోనే పనిచేశాడు, తర్వాత దక్కన్ కవుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి అచ్చు వేయించాడు.

ఇక్కడ మనం గమనించవలసింది వాళ్ళు రాయించిన తీరు. కైఫీయత్తు ఏది చూసినా ఏ గ్రామం, ఏ సమితు, ఏ తాలూకా అన్నది మొదట ఉంటుంది. ఎవరు చెప్పారో, ఏ కవిలెను చూసి రాశారో, ఏ గుడిలో ఏ స్తంభం మీద శాసనం ఉందో ఉంటుంది. ఊళ్ళు తిరిగినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వమన్నారు, దేనికి ఎంత ఖర్చయింది అని మెకంజీకి క్రమంగా రిపోర్టులు పంపేవాళ్ళు. కరణం చెప్పినదంతా నిజం కాకపోవచ్చు. మాన్యం నిలబెట్టుకోవడానికి కొంత కల్పించే ఉంటాడు. కానీ ఎవరు చెప్పారో తెలుసు గనక దాన్ని తూచవచ్చు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం వారు అచ్చువేసిన కైఫీయత్తులు చదివితే ఈ సంగతి తెలుస్తుంది. రెండువందల ఏళ్ళనాడు ఫలానా ఊరి చెరువు ఎవరు తవ్వించారని చెప్పుకున్నారో ఈనాడు ఆ ఊరివాడు చదువుకోగలుగుతున్నాడు.

అమరావతి సంగతి కూడా ఇలాగే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి రాజధాని మార్చి అమరావతిలో పట్టణం కట్టిస్తున్న రోజుల్లో, ఇళ్ళకు రాయి, ఇటుక కోసం కూలీలు దీపాలదిన్నెను తవ్వితే బొమ్మలు చెక్కిన తెల్లరాళ్ళు బయటపడ్డాయి. సంగతి విని మెకంజీ 1798లో వచ్చి చూశాడు. ఉన్నది ఒకటి రెండు రోజులే. మళ్ళీ వచ్చేసరికి 1816 అయింది. ఈ మధ్యలో దిబ్బ నడిమి భాగాన్ని చెరువుగా తవ్వేశారు. రాళ్ళు కొన్ని మెట్లకు, కొన్ని గోడలకు పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మెకంజీ తన సర్వేయర్లను, చిత్రకారులను అక్కడ దింపాడు. వాళ్ళలో చాలామంది మద్రాసు సర్వే బడిలో చదువుకున్న అనాథ కుర్రాళ్ళ కోవలోవాళ్ళు. స్తూపం నేలపటం గీశారు. ఒక్కొక్క రాయినీ కొలిచి బొమ్మ వేశారు, ఎక్కడ ఉందో రాశారు. ఆ బొమ్మల పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఉన్న రాళ్ళలో కొన్ని ఈనాడు ప్రపంచంలో ఎక్కడా లేవు. వాటికి మిగిలిన బతుకు ఆ కాగితం మీదే.

అలాగని మెకంజీ దిబ్బను ముట్టుకోలేదని కాదు. కొన్ని రాళ్ళను ఆయన కూడా మచిలీపట్నానికీ, కలకత్తాకూ, మద్రాసుకూ తరలించాడు. మచిలీపట్నం చేరిన రాళ్ళు కొన్ని తర్వాత బజారులో అలంకారంగా నిలిచాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అక్కడినుంచి 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. మా సోషల్ మాస్టారు ఆ దిబ్బ దగ్గర నిలబడి బాధపడింది అందుకే.

ఇంతవరకూ చదివినవారు మెకంజీని మహానుభావుడని అనుకుంటే నేను కాదనను. కానీ ఆయన జీవితంలో ఇంకో అధ్యాయం ఉంది. దాన్ని దాచిపెడితే నేను ఈ వ్యాసం రాయడం దండగ.

1811లో ఇంగ్లీషువాళ్ళు జావా దీవి మీద దండెత్తారు. ఆ సైన్యంలో మెకంజీ ఇంజనీర్లకు పెద్ద. జావాలో రెండేళ్ళు ఉండి ఊళ్ళు తిరిగాడు, ప్రంబనన్ ఆలయాలు చూసి వ్యాసం రాశాడు, అక్కడే 1812లో డచ్చి కుటుంబపు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది జూన్‌లో ఇంగ్లీషు సైన్యం యోగ్యకర్త సుల్తాను కోట మీద పడింది. మన దేశపు సిపాయిలు కూడా ఆ సైన్యంలో ఉన్నారు. కోట పడ్డాక శ్రీరంగపట్టణంలో జరిగిందే అక్కడా జరిగింది. ఖజానా పోయింది, నగలు పోయాయి, సుల్తానును పినాంగ్ దీవికి పంపేశారు. రాజుగారి గ్రంథాలయాన్ని ఖాళీ చేశారు. ఆ గ్రంథాలు ముగ్గురి చేతుల్లోకి వెళ్ళాయి. ఒకరు గవర్నరు రాఫిల్స్, ఒకరు రెసిడెంటు క్రాఫర్డ్, మూడోవారు కల్నల్ మెకంజీ.

మన ఊళ్ళల్లో కరణం ఇంటికి మనిషిని పంపి, బతిమాలి, నకలు రాయించుకుని, అసలును అక్కడే వదిలిన మనిషి, జావాలో కాలిపోతున్న కోటలోంచి వచ్చిన గ్రంథాలు తన పెట్టెల్లో పెట్టుకున్నాడు. రెండూ ఆయన సేకరణలే. చాలాకాలం రెండింటి మీదా ఒకటే పేరు ఉండేది. ఒకటి అడిగి తీసుకున్నది, ఇంకొకటి యుద్ధంలో లాక్కున్నది అన్న తేడా ఆ పేరులో కనిపించదు. తర్వాతి పండితులు ఆ గ్రంథాలు చదివి, అవి ఎప్పుడు, ఎవరి కోసం రాసినవో పట్టుకుని, యోగ్యకర్త రాజుగారి ఇంటివని తేల్చారు. 2019 మార్చిలో బ్రిటిష్ లైబ్రరీ వారు అలాంటి 75 గ్రంథాలకు డిజిటల్ ప్రతులు తీసి ఇప్పటి యోగ్యకర్త సుల్తానుకు అందజేశారు. అసలు గ్రంథాలు ఇంకా లండన్‌లోనే ఉన్నాయి. అయినా ఆ ఊరివాళ్ళు రెండు వందల ఏళ్ళ తర్వాత తమ పెద్దల రాతలు చదువుకోగలిగారు. అవి ఎక్కడివో తేలకపోతే అదైనా జరిగేది కాదు.

1815లో మెకంజీ మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మరుసటి ఏడు థామస్ హికీ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. ఎర్రకోటు తొడుక్కున్న కల్నల్ మధ్యలో ఉంటే, చుట్టూ మన దేశస్థులు ముగ్గురు ఉన్నారు. తాటాకు గ్రంథం పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య, కావలి లక్ష్మయ్య, దుర్బిణి పట్టుకున్న జవాను కిస్తనాజీ అని చెబుతారు. ఆ రోజుల్లో ఒక దొర తన పటంలో తన కింద పనిచేసే వాళ్ళకు పక్కన చోటివ్వడం అరుదు. అది కూడా ఒక విధంగా లెక్క చెప్పడమే. ఈ పని నేనొక్కణ్ణే చేయలేదు, వీళ్ళు చేశారు అని.

1817లో ఆయన కలకత్తా వెళ్ళాడు. లక్ష్మయ్య, మరికొందరు పండితులు వెంట వెళ్ళారు. సేకరణ అంతటికీ వివరమైన పట్టిక తయారుచేసి ప్రపంచానికి అందించాలన్న కోరిక తీరకుండానే, 1821 మే 8న, ఆరోగ్యం కోసం పడవలో హుగ్లీ నది మీద వెళుతూ కన్నుమూశాడు. కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన భార్య దగ్గర నుంచి కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. పదిహేను వందలకు పైగా గ్రంథాలు, ఎనిమిది వేలకు పైగా శాసనాల నకళ్ళు, రెండు వేలకు పైగా గ్రామ వృత్తాంతాలు, ఆరువేలకు పైగా నాణేలు, రెండున్నర వేలకు పైగా బొమ్మలు. 1828లో విల్సన్ అనే పండితుడు పట్టిక అచ్చువేశాడు. దక్షిణాది భాషల గ్రంథాలు మద్రాసుకు తిరిగొచ్చాయి. వాటిలో చెదలు పట్టి పాడవుతున్న తెలుగు కాగితాలకు సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు రాయించాడు.

లక్ష్మయ్య ఈ పనిని తాను కొనసాగిస్తానని అర్జీ పెట్టుకుంటే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. సేకరించడం వరకు సరే, విమర్శించి రాసే శక్తి నేటివులకు లేదన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా ఊరూరా నడిచిన మనిషికి దక్కిన జవాబు అది. అయినా ఈనాడు మనం లక్ష్మయ్య పేరు చెప్పుకోగలుగుతున్నాం. ఎందుకంటే ఏది ఎవరు తెచ్చారో మెకంజీ కాగితాల్లో ఉంది.

ఇప్పుడు నా సంగతి.

1971 డిసెంబరు యుద్ధంలో నేనున్నది నిజం. మా కంపెనీ పని రోడ్లు, వంతెనలు, మందుపాతరలు. ఫిరంగుల దగ్గరికి నేను వెళ్ళనేలేదు. యుద్ధం ఆగాక, సెలవు మీద ఇంటికి వస్తుంటే, క్యాంపులో మా హవల్దారు ఒకాయన ఆ ఇత్తడి షెల్లు నా ట్రంకు పెట్టెలో పెట్టి, ఇంటికి ఏదో ఒక గుర్తు తీసుకెళ్ళవయ్యా అన్నాడు. ఎక్కడిదని నేను అడగలేదు. ఊళ్ళో దిగాక జనం చుట్టూ మూగారు. నాకు ఇరవై రెండేళ్ళు. శత్రువుల ఫిరంగిదా అని ఎవరో అడిగారు, నేను అవునన్నాను. మా నాన్నగారు ఎంతో గర్వంగా దాన్ని బడికి తీసుకెళ్ళి ఇప్పించారు. హెడ్మాస్టరు గారు అసెంబ్లీలో పిల్లలందరికీ చూపించారు. ఆ క్షణాన నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ అమ్మాయి అడిగిన వారానికి మళ్ళీ బడికి వెళ్ళి, హెడ్మాస్టరు గారి అనుమతితో బీరువా తెరిపించాను. షెల్లును బోర్లించి, అడుగున ఉన్న మకిలిని చింతపండుతో తోమాను. అక్షరాలు, అంకెలు తేలాయి. అవి మన దేశపు ఆయుధ కర్మాగారం ముద్రలు. అంటే ఆ షెల్లు మన ఫిరంగిదే. అది యుద్ధంలో పేలిందో, ప్రాక్టీసులో పేలిందో కూడా చెప్పలేను. యాభై ఏళ్ళుగా ఈ బడి పిల్లలు నా అబద్ధాన్ని అట్టముక్క మీద చదువుతున్నారు. వాళ్ళందరికీ, ఆనాటి హెడ్మాస్టరు గారి ఆత్మకూ, మా నాన్నగారికీ ఈ సంచిక ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను. అట్టముక్క తీసేసి కొత్తది రాసి ఇచ్చాను.

అదే రోజు ఆ తెల్లగుడ్డను కూడా బయటికి తీసి, అమ్మాయీ నేనూ బల్ల మీద పరిచాం. జపాను సైనికులు యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు, తోటి ఉద్యోగులు జెండా మీద తమ పేర్లు, దీవెనలు రాసి ఇచ్చేవాళ్ళు. వాళ్ళు దాన్ని మడిచి ఒంటి మీదే ఉంచుకునేవాళ్ళు. అంటే మన బీరువాలో ఉన్నది ఒక ఊరు తన కుర్రవాడికి ఇచ్చిన ఆశీర్వాదం. ఆ కుర్రవాడు ఇంటికి చేరలేదనే అనుకోవాలి. ఇలాంటి జెండాల మీది పేర్లు చదివించి, వాళ్ళ పిల్లలకో మనవళ్ళకో తిరిగి చేర్చడం కొన్నేళ్ళుగా జరుగుతోంది. ఎముక కూడా దక్కని కుటుంబాలకు ఆ గుడ్డ ఒక్కటే చేరిన సందర్భాలున్నాయి. దీని మీది రాతల్ని జపాను భాష వచ్చినవారితో చదివించి, వీలైతే వాళ్ళింటికి పంపాలని సంఘానికి నా మనవి. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు తలచుకుంటే ఇది కష్టమైన పని కాదు. దాన్ని తెచ్చిన మన బడి సైనికుడి కుటుంబం ఎవరైనా ఈ సంచిక చదివితే దయచేసి ముందుకు రండి. ఆయన్ను తప్పుపట్టడానికి కాదు, ఆయన పేరు కూడా ఆ గుడ్డతో పాటు ఉండాలి గనక.

ఇంకొక మనవి. స్వర్ణోత్సవ కానుకగా బడికి కొత్త బీరువా ఇద్దామని కమిటీ అనుకుంటోంది. మంచిదే. దానితో పాటు ఒక రిజిస్టరు కూడా ఇద్దాం. నేను ఇప్పటికే ఒకటి కొని గళ్ళు గీశాను. వస్తువు, ఇచ్చినవారు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరి దగ్గర నుంచి, కొన్నదా, అడిగి తీసుకున్నదా, ఏరుకున్నదా, లాక్కున్నదా. కైఫీయత్తులు రాయించిన దొర పద్ధతే ఇది, ఏలూరు బొర్రయ్య పద్ధతే ఇది. ఆఖరి గడి తెలియనిది తెలియదని రాయడానికి. మీ ఇళ్ళల్లో తాతల నాటి మిలిటరీ పతకం ఉన్నా, రంగూన్ నుంచి వచ్చిన పెట్టె ఉన్నా, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి దానిలో పెట్టండి. వాళ్ళు వెళ్ళిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

రిజిస్టరులో మొదటి పద్దు నేనే రాశాను. ఇత్తడి షెల్లు ఒకటి, మన దేశపు తయారీ. 1972లో సెలవు మీద వస్తుండగా క్యాంపులో హవల్దారు ఇచ్చినది. ఎక్కడ పేలిందో తెలియదు. ఇంతకు ముందు రాసినది తప్పు. కింద సంతకం చేసి తేదీ వేశాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి చదివి, సాక్షిగా తన పేరు కూడా రాసింది.